కెర్నెల్ కోడ్‌లో సమయానికి గట్టి టైపులు కట్టుకోవడం ఎలా?

పాత పంచాంగంలో తిథి పక్కన "ఘ. 12-30" అని ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని మధ్యాహ్నం పన్నెండున్నర అని చదివితే మా నానమ్మ సరిదిద్దింది: "అవి గంటలు కావు నాన్నా, ఘడియలు. పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క." ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. 12 ఘడియల 30 విఘడియలంటే సరిగ్గా 5 గంటలు. ఆ రోజు సూర్యోదయం 6 గంటలకైతే తిథి 11 గంటలకు ముగుస్తుంది. కాగితం మీద అంకె ఒక్కటే. అది ఏ కొలతలో ఉందో, ఎక్కడి నుంచి మొదలైందో తెలియకపోతే గంటన్నర తేడా వచ్చేసింది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఆ కోడ్‌లో సమయం దగ్గర జరిగే తప్పుల్లో చాలావరకు ఇవే. ఒక 64 బిట్ల అంకె ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కి ఒంటరిగా తిరుగుతూ ఉంటుంది. అది మిల్లీసెకన్లో జిఫీలో, ఒక క్షణమో ఒక వ్యవధో, ఏ గడియారం చెప్పిన మాటో రాసినవాడి బుర్రలో మాత్రమే ఉంటుంది. రాసినవాడు టీమ్ మారిపోయాక ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ మూడు సంగతులనూ టైప్‌లోకి ఎక్కించి, తప్పు కలయికను కంపైలరే ఆపేలా ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలన్నీ లినక్స్ నుంచే. సీ భాషలో పని చేసేవాళ్లకు, కెర్నెల్‌లో రస్ట్ మొదలుపెట్టినవాళ్లకు ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు నాకు ఎదురైన ఒక సంఘటన. ఒక చిన్న ఎంబెడెడ్ బోర్డు కోసం రాసిన డ్రైవర్‌లో ఒక లూప్ ఉండేది. పని చేయడం, వాచ్‌డాగ్‌కి (గడువులోగా కబురు రాకపోతే బోర్డుని రీబూట్ చేసే కాపలా టైమర్‌కి) "బతికే ఉన్నాను" అని చెప్పడం, అర సెకను నిద్రపోవడం, అంతే దాని పని. నిద్ర కోసం షెడ్యూల్_టైమ్‌అవుట్‌కి 500 ఇచ్చారు, మిల్లీసెకన్లు అనుకుని. ఆ ఫంక్షన్ తీసుకునేది జిఫీలు, అంటే టైమర్ టిక్కుల లెక్క. రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ సెకనుకు 1000 టిక్కులతో బిల్డ్ అయింది కాబట్టి 500 జిఫీలంటే నిజంగానే అర సెకను. బోర్డు కెర్నెల్‌లో సెకనుకు 100 టిక్కులు. అక్కడ అదే 500 కాస్తా 5 సెకన్లయింది. వాచ్‌డాగ్ గడువు 3 సెకన్లు. బోర్డు పైకి లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. రెండు రోజులు పవర్ సప్లై మార్చి చూశాం. కోడ్‌లో ఒక్క వార్నింగ్ కూడా లేదు. కంపైలర్‌కి రెండూ పూర్ణాంకాలే కదా, అది మాత్రం ఏం చెబుతుంది?

మొదటి మెట్టు: ఉన్న అంకెలన్నిటికీ పేరు పెట్టండి

టైపులు రాసే ముందు మీ డ్రైవర్ ఫైలు ఒకటి తెరిచి, సమయాన్ని మోసే ప్రతి వేరియబుల్‌నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది క్షణమా, వ్యవధా? ఏ కొలతలో ఉంది? క్షణమైతే ఏ గడియారం ప్రకారం?

ఈ పనికి ఒక మధ్యాహ్నం పడుతుంది, అయినా మానకండి. "టైమ్‌అవుట్" అనే పేరు ఒక ఫంక్షన్‌లో "ఇంకా ఎంతసేపు" అని, పక్క ఫంక్షన్‌లో "ఏ క్షణం దాకా" అని వాడినట్టు తరచూ బయటపడుతుంది. రెండోదాన్ని ఇప్పుడే "డెడ్‌లైన్" అని మార్చేయండి. జవాబు రాయలేకపోయిన వేరియబుల్స్‌ని ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టండి. బగ్ దాదాపుగా వాటిలోనే ఉంటుంది.

రెండో మెట్టు: క్షణం వేరు, వ్యవధి వేరు

క్షణం అంటే కాలరేఖ మీద ఒక చుక్క. వ్యవధి అంటే రెండు చుక్కల మధ్య దూరం. లోపల రెండూ 64 బిట్ల నానోసెకన్ల అంకెలే అయినా, వాటితో చేయదగ్గ పనులు వేరు. లినక్స్ రస్ట్ వైపు వీటికి ఇన్‌స్టంట్, డెల్టా అని పేర్లు పెట్టారు. ఆ పేర్లే వాడదాం.

అనుమతించాల్సిన లెక్కలు ఇవి:

ఇన్‌స్టంట్ − ఇన్‌స్టంట్ = డెల్టా
ఇన్‌స్టంట్ + డెల్టా = ఇన్‌స్టంట్
ఇన్‌స్టంట్ − డెల్టా = ఇన్‌స్టంట్
డెల్టా + డెల్టా = డెల్టా
డెల్టా × పూర్ణాంకం = డెల్టా

ఇన్‌స్టంట్‌కి ఇన్‌స్టంట్ కలపడం ఈ వరుసలో లేదు. సోమవారం ఉదయానికి మంగళవారం ఉదయాన్ని కలిపితే ఏమొస్తుంది? ఏమీ రాదు, కాబట్టి ఆ ఆపరేటర్ రాయకండి. డెల్టాని డెల్టాతో గుణించడం కూడా అంతే. "పూర్తిగా ఉంటే బాగుంటుంది" అని అన్ని ఆపరేటర్లూ రాసేయాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. ఇలాంటి టైప్‌కి విలువ తెచ్చేది మీరు రాయకుండా వదిలిన ఆపరేటర్లే.

డెల్టా సైన్డ్‌గా ఉండాలా, అన్‌సైన్డ్‌గానా అని వాదన వస్తుంది. వ్యవధి రుణాత్మకం ఎలా అవుతుంది అని అడుగుతారు. కెర్నెల్‌లో అవుతుంది. డెడ్‌లైన్‌లోంచి ఇప్పటి క్షణాన్ని తీసేస్తే, గడువు దాటిపోయి ఉంటే, మైనస్‌లో వస్తుంది. అది కావలసిన సమాచారమే. అన్‌సైన్డ్ పెడితే అదే లెక్క 584 ఏళ్ల వ్యవధిలా కనిపించి, టైమర్ ఎప్పటికీ మోగదు. సైన్డ్ పెట్టండి.

మూడో మెట్టు: గడియారాన్ని టైప్‌లోకి ఎక్కించండి

కెర్నెల్‌లో గడియారం ఒక్కటి కాదు. రియల్‌టైమ్ గోడ గడియారం లాంటిది. 1970 జనవరి 1 నుంచి లెక్క, యూజర్ తేదీ మారిస్తే వెనక్కీ ముందుకీ దూకుతుంది. మోనోటోనిక్ వెనక్కి వెళ్లదు, కానీ మెషీన్ సస్పెండ్‌లో ఉన్నంతసేపూ ఆగిపోతుంది. బూట్‌టైమ్ కూడా వెనక్కి వెళ్లదు, సస్పెండ్ సమయాన్ని కూడా లెక్కలో వేసుకుంటుంది. టాయ్ అనేది లీప్ సెకన్లు (భూమి తిరుగుడుకి సరిపెట్టడానికి యూటీసీకి అప్పుడప్పుడు కలిపే సెకన్లు) లేని అణు కాలం. 2017 జనవరి 1 నుంచి యూటీసీ కంటే 37 సెకన్లు ముందుంది. ఇందులో ఒక మెలిక ఉంది: మెషీన్ లేచినప్పుడు కెర్నెల్‌కి ఆ 37 తెలియదు, తేడా సున్నా అనుకుంటుంది. నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చే ఎన్‌టీపీ డీమన్ లాంటిది యూజర్ స్పేస్ నుంచి, అంటే మామూలు ప్రోగ్రాములు నడిచే వైపు నుంచి, వచ్చి చెప్పాలి. కాబట్టి బూట్ మొదట్లో తీసుకున్న టాయ్ క్షణాన్ని నమ్ముకుని ఏదీ కట్టకండి.

మోనోటోనిక్ క్షణంలోంచి బూట్‌టైమ్ క్షణాన్ని తీసేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. పైగా ఈ తప్పు మీ టేబుల్ మీద బయటపడదు. ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా సస్పెండ్ కాకపోతే రెండు గడియారాలూ ఒకే అంకె చూపిస్తాయి. యూజర్ మూత మూసి, తెల్లారి తెరిచినప్పుడు ఎనిమిది గంటల తేడా ఒక్కసారిగా ఊడిపడుతుంది.

రస్ట్‌లో దీనికి చక్కని దారి ఉంది. ఇన్‌స్టంట్‌ని జెనెరిక్‌గా రాసి, గడియారాన్ని టైప్ పారామీటర్‌గా ఇవ్వండి: ఇన్‌స్టంట్<మోనోటోనిక్>, ఇన్‌స్టంట్<బూట్‌టైమ్>. లోపల ఒక 64 బిట్ల అంకె, పక్కన ఫాంటమ్‌డేటా, అంటే ఏ గడియారమో కంపైలర్‌కి చెప్పే ఉత్త గుర్తు. ఫాంటమ్‌డేటాకి మెమరీలో ఒక్క బైటు కూడా పట్టదు, కంపైల్ అయ్యాక దాని జాడే ఉండదు. తీసివేత ఆపరేటర్‌ని రెండు వైపులా ఒకే గడియారం ఉన్నప్పుడు మాత్రమే రాయండి. గడియారాలు కలిస్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

సీలో పని చేస్తుంటే ఒక్కో గడియారానికి ఒక్కో స్ట్రక్ట్ పెట్టండి, లోపల ఒకే ఒక్క మెంబర్. ఎక్స్86-64, ఆర్మ్64 ప్రాసెసర్ల మీద అలాంటి స్ట్రక్ట్ రిజిస్టర్‌లోనే వెళ్తుంది కాబట్టి ఖర్చు ఉండదు. 32 బిట్ల ఆర్మ్ మీద మాత్రం 8 బైట్ల స్ట్రక్ట్‌ని రిటర్న్ చేస్తే మెమరీ ద్వారా వెళ్తుంది. చిన్న ఫంక్షన్లను ఇన్‌లైన్ చేస్తే ఆ బాధ కూడా చాలావరకు పోతుంది.

ఈ విషయంలో లినక్స్ చరిత్ర తెలుసుకోవాలి. 2006లో హై రిజల్యూషన్ టైమర్లతో పాటు, సమయాన్ని పెట్టుకోవడానికి కేటైమ్_టి అనే టైప్ వచ్చినప్పుడు అదొక యూనియన్. 32 బిట్ల మెషీన్లలో సెకన్లు, నానోసెకన్లు విడివిడిగా పెట్టుకునే వీలుండేది. తర్వాత ఆ విభజన తీసేశారు. ఒక్క 64 బిట్ల మెంబర్‌తో యూనియన్ తొడుగు మిగిలింది. డ్రైవర్లు ఆ తొడుగు విప్పి నేరుగా లోపలి మెంబర్‌ని ముట్టుకుంటూ వచ్చాయి. 2016 డిసెంబరులో యూనియన్‌ని పూర్తిగా తీసేసి, కేటైమ్_టిని సాదా 64 బిట్ల సైన్డ్ అంకెకి ఇంకో పేరుగా చేశారు. కోడ్ తేలికైంది, నిజమే. కానీ ఆ రోజు నుంచి కేటైమ్_టి ఉన్న చోట ఏ పూర్ణాంకం ఇచ్చినా సీ కంపైలర్ నోరు మెదపదు. దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది: తొడుగు ఉంచాలనుకుంటే, లోపలి అంకెను బయటివాళ్లు ముట్టుకునే అవసరం లేకుండా కావలసిన ఫంక్షన్లన్నీ మొదటి రోజే ఇవ్వాలి. లేకపోతే అందరూ విప్పేస్తారు, చివరికి తొడుగు ఎందుకని తీసేస్తారు.

ఇంకో జాగ్రత్త. "ఎంతసేపైంది" అని చెప్పే ఎలాప్స్‌డ్ ఫంక్షన్‌ని నేనైతే మోనోటోనిక్, బూట్‌టైమ్‌లకే ఇస్తాను. రియల్‌టైమ్ వెనక్కి దూకితే ఆ జవాబు అబద్ధం అవుతుంది. "ఈ గడియారం వెనక్కి వెళ్లదు" అని చెప్పే ఒక ఖాళీ ట్రెయిట్ పెట్టి, అది ఉన్న గడియారాలకే ఆ ఫంక్షన్ కనిపించేలా చేయండి.

టైపులు ఆపలేని తప్పులు కూడా ఉన్నాయి. 2012 జూన్ 30 అర్ధరాత్రి యూటీసీకి, అంటే మన దగ్గర జులై 1 తెల్లవారి 5:29:60కి, ఒక లీప్ సెకను కలిపారు. లినక్స్ గోడ గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపింది. కానీ హై రిజల్యూషన్ టైమర్లు దాచుకున్న తేడా మాత్రం పాతదే ఉండిపోయింది. దాంతో రియల్‌టైమ్ మీద పెట్టిన టైమర్లు ఒక సెకను ముందే మోగాయి. సెకను లోపు నిద్రపోవాలనుకున్న ప్రోగ్రాములు నిద్రే లేకుండా గిరగిరా తిరిగి సీపీయూని పిండేశాయి. ప్రపంచమంతా సర్వర్లు వేడెక్కాయి. దాచుకున్న విలువ పాతబడిందని ఏ టైప్ చెప్పగలదు? అయినా ఇందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. "ఇంతసేపు ఆగు" అనే పనికి రియల్‌టైమ్‌ని వాడనివ్వకుండా టైప్‌తోనే తలుపు మూసేస్తే, ఇలాంటి రోజున మీ డ్రైవర్‌కి టెన్షన్ ఉండదు.

నాలుగో మెట్టు: కొలత పేరు లేకుండా అంకెను లోపలికి రానివ్వకండి

డెల్టాని తయారుచేసే దారులు కొన్నే ఉండాలి: ఫ్రమ్_నానోస్, ఫ్రమ్_మైక్రోస్, ఫ్రమ్_మిల్లిస్, ఫ్రమ్_సెక్స్. సాదా అంకె నుంచి నేరుగా డెల్టా అయ్యే కన్వర్షన్ పెట్టనే వద్దు. చదివేవాడికి పిలిచే చోటే కొలత కనిపించాలి. నేను పైన చెప్పిన బోర్డు కథలో "డెల్టా, ఫ్రమ్_మిల్లిస్ 500" అని రాయాల్సి వచ్చి ఉంటే, జిఫీలు అనే మాటే డ్రైవర్‌లోకి వచ్చేది కాదు. జిఫీలు కావలసిన పాత ఫంక్షన్‌కి తొడుగు వేసి, దాని లోపల ఒకే చోట మార్పిడి జరపండి.

లోపలి నుంచి బయటికి వచ్చే దారిలో రౌండింగ్ ఉంది. చాలామంది చూసుకోకుండా జారేది ఇక్కడే. హార్డ్‌వేర్ డేటాషీట్ "రీసెట్ తర్వాత కనీసం 10 మైక్రోసెకన్లు ఆగాలి" అంటుంది. మీ దగ్గరున్న డెల్టా 10,400 నానోసెకన్లు. మైక్రోసెకన్లకి మార్చేటప్పుడు మామూలు భాగహారం చేస్తే 10 వస్తుంది, పరవాలేదు. డేటాషీట్ 10,400 అనే చెప్పి ఉంటే? 400 నానోసెకన్లు ముందే చిప్‌ని ముట్టుకున్నట్టు. వెయ్యిసార్లలో ఒకసారి అది జవాబివ్వదు, ఆ ఒక్కసారి మీ దగ్గర కాకుండా కస్టమర్ దగ్గర జరుగుతుంది. అందుకే నిద్ర కోసం మార్చేటప్పుడు ఎప్పుడూ పైకి రౌండ్ చేయాలి, ఫంక్షన్ పేరులోనే ఆ సంగతి ఉండాలి: యాజ్_మైక్రోస్_సీల్. లాగ్‌లో చూపించడానికైతే కిందికి రౌండ్ చేసినా నష్టం లేదు.

చిన్న రౌండింగ్ ఎంత దూరం పోతుందో 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో తెలిసింది. అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ సమయాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టి, సెకన్లలోకి మార్చడానికి 0.1తో గుణించేది. బైనరీలో 0.1కి అంతం లేదు, దాన్ని 24 బిట్లకు కత్తిరించారు. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 0.34 సెకన్ల తేడా పేరుకుంది. దూసుకొస్తున్న స్కడ్ క్షిపణిని వ్యవస్థ తప్పు చోట వెతికింది. 28 మంది సైనికులు చనిపోయారు. కాబట్టి లెక్కంతా నానోసెకన్ల పూర్ణాంకాల్లోనే జరగాలి. కొలత మార్చడం ఆఖర్న, ఒకే ఒక్కసారి. ఫ్లోటింగ్ పాయింట్ ఎలాగూ కెర్నెల్‌లో మామూలుగా వాడం.

భాగహారం దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. 32 బిట్ల ఆర్మ్ మీద 64 బిట్ల సంఖ్యను భాగించాలంటే కంపైలర్ ఒక సహాయ ఫంక్షన్‌ని పిలుస్తుంది. కెర్నెల్ ఆ ఫంక్షన్‌ని కావాలనే ఇవ్వదు, ఎందుకంటే అది ఖరీదైన పని, తెలియకుండా జరగకూడదు. ఫలితంగా మీ ల్యాప్‌టాప్‌లో సాఫీగా బిల్డ్ అయిన కోడ్ ఆర్మ్ బిల్డ్‌లో లింక్ దశలో ఆగిపోతుంది. డెల్టా లోపల భాగహారం ఉన్న ఒకటి రెండు ఫంక్షన్లలో కెర్నెల్ సొంత డివ్_ఎస్64 లాంటి దాన్ని పిలవండి. మార్పిడి అంతా టైప్ లోపలే దాగి ఉంటే సరిచేయాల్సిన చోటు కూడా ఒకటే ఉంటుంది.

అయిదో మెట్టు: పొంగిపోయినప్పుడు ఏం జరగాలో ముందే తేల్చుకోండి

64 బిట్ల సైన్డ్ నానోసెకన్లలో దాదాపు 292 ఏళ్లు పడతాయి. మెషీన్ లేచినప్పటి నుంచి లెక్కపెడితే అది పొంగే (ఓవర్‌ఫ్లో అయ్యే) ప్రశ్నే లేదనిపిస్తుంది. గడియారం అలా పొంగదు, నిజమే. పొంగేది లెక్కలు.

ఇన్‌స్టంట్ లోపలి విలువ ఎప్పుడూ సున్నా నుంచి గరిష్ఠ సంఖ్య మధ్యే ఉంటుంది, మైనస్ ఉండదు అని నియమం పెట్టుకోండి. ప్రతి కన్‌స్ట్రక్టర్ దాన్ని కాపాడాలి. ఈ ఒక్క నియమంతో ఒక లాభం వస్తుంది: ఏ రెండు ఇన్‌స్టంట్ల తేడా అయినా 64 బిట్ల సైన్డ్ సంఖ్యలో కచ్చితంగా ఇమిడిపోతుంది. కాబట్టి తీసివేతలో తనిఖీ అక్కర్లేదు. హాట్ పాత్‌లో, అంటే మాటిమాటికీ నడిచే కోడ్‌లో, అత్యధికంగా జరిగేది ఆ తీసివేతే.

కూడిక అలా కాదు. యూజర్ స్పేస్ నుంచి ఎవరైనా "ఎప్పటికీ ఆగు" అనే ఉద్దేశంతో గరిష్ఠ సంఖ్యను టైమ్‌అవుట్‌గా పంపుతారు. దానికి ఇప్పటి క్షణాన్ని కలిపితే పొంగి మైనస్‌లోకి పడుతుంది. "ఎప్పటికీ" కాస్తా "ఎప్పుడో అయిపోయింది" అవుతుంది. లినక్స్‌లో కేటైమ్_యాడ్_సేఫ్ ఇందుకే ఉంది, పొంగితే గరిష్ఠం దగ్గరే ఆపేస్తుంది. మీ టైప్‌లో కూడా బయటి నుంచి వచ్చిన విలువతో కూడిక అంటే శాచురేటింగ్ కూడికే ఉంచండి. ప్యానిక్ వద్దు. యూజర్ పంపిన ఒక అంకె వల్ల మెషీన్ మొత్తం పడిపోవడం కంటే ఘోరం ఇంకోటి లేదు.

చిన్న కౌంటర్లకు పొంగడం మామూలు సంగతే. సెకనుకు 1000 టిక్కులైతే 32 బిట్ల జిఫీల కౌంటర్ 49.7 రోజులకు తిరగబడుతుంది. విండోస్ 95, 98 అదే లెక్కలో మిల్లీసెకన్లు లెక్కపెట్టి 49.7 రోజులకు బిగుసుకుపోయేవి. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787లో జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు 248 రోజులు కరెంటు తీయకుండా ఉంటే కౌంటర్ పొంగి కరెంటు ఆగిపోగలదని హెచ్చరించింది. 31 బిట్లలో సెకనులో వందో వంతులు లెక్కపెడితే 248 రోజుల పైచిలుకే వస్తాయి.

ఇలాంటి కౌంటర్లలో "ఏది ముందు" అని రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, ఫలితాన్ని సైన్డ్‌గా చూసి, సున్నాకి ఎటువైపు ఉందో చూడాలి. టైమ్_ఆఫ్టర్ మాక్రో చేసేది ఇదే. అందుకని జిఫీలకు, హార్డ్‌వేర్ కౌంటర్లకు వేరే టైప్ పెట్టి, దానికి చిన్న-పెద్ద గుర్తులు పని చేయకుండా ఉంచండి. "తర్వాతదా" అనే ఫంక్షన్ ఒక్కటే ఇవ్వండి.

ఇక పొంగడం గుణకారంలోనూ దాక్కుంటుంది. సీపీయూ సైకిళ్లను నానోసెకన్లుగా మార్చడానికి కెర్నెల్ ఒక సంఖ్యతో గుణించి, బిట్లు పక్కకు జరుపుతుంది. పాత ఎక్స్86 కోడ్‌లో ఆ జరుపుడు 10 బిట్లు. అంటే జవాబు 54 బిట్లు దాటగానే మధ్యలో ఉన్న గుణకారం 64 బిట్లలోంచి పొర్లిపోతుంది. 2ని 54 సార్లు గుణిస్తే వచ్చే నానోసెకన్లంటే 208 రోజుల పన్నెండు గంటలు. అన్ని రోజులు ఆపకుండా నడిచిన సర్వర్లు ఉన్నట్టుండి కుప్పకూలాయి. చివరి జవాబు 64 బిట్లలో హాయిగా పడుతుంది, మధ్య మెట్టు పట్టలేదు. సరిచేసినప్పుడు సైకిళ్లను భాగఫలంగా, శేషంగా విడగొట్టి వేర్వేరుగా గుణించి కలిపారు. మీరు ఇలాంటి మార్పిడి రాస్తుంటే మధ్య విలువ ఎన్ని బిట్లు తింటుందో కామెంట్‌లో లెక్కేసి రాయండి.

ఆరో మెట్టు: సరిహద్దుల దగ్గర కాపలా పెట్టండి

సమయం మీ కోడ్‌లోకి మూడు వైపుల నుంచి వస్తుంది.

హార్డ్‌వేర్ నుంచి వచ్చే 32 బిట్ల మైక్రోసెకన్ల కౌంటర్ 71 నిమిషాల 35 సెకన్లకు ఒకసారి సున్నాకి వస్తుంది. దాని క్షణాన్ని ఇన్‌స్టంట్‌గా మార్చేయకండి. దానికి సొంత టిక్ టైప్ ఉంచి, రెండు రీడింగుల మధ్య తేడాను మాత్రం డెల్టాగా బయటికి ఇవ్వండి. రెండు రీడింగుల మధ్య 71 నిమిషాలు దాటకూడదన్నది ఆ టైప్ పక్కన రాసిపెట్టండి.

యూజర్ స్పేస్ నుంచి సెకన్లు, నానోసెకన్లు జంటగా వస్తాయి. నానోసెకన్లు 0 నుంచి 99,99,99,999 లోపల ఉన్నాయో లేదో వచ్చిన చోటే చూసి, లేకపోతే ఎర్రర్ ఇచ్చి పంపేయండి. తనిఖీ దాటాక డెల్టా అయిపోవాలి, ఆ తర్వాత ఎవరూ మళ్లీ చూడాల్సిన పని ఉండకూడదు. సెకన్లకు 32 బిట్లు వాడే కొత్త ఇంటర్‌ఫేస్ ఒక్కటి కూడా ఇప్పుడు రాయకండి. ఆ లెక్క 2038 జనవరి 19న యూటీసీ 3:14:07 తర్వాత 1901కి దూకుతుంది. 32 బిట్ల మెషీన్లకు 64 బిట్ల సమయం తెచ్చే పెద్ద పని, ఆర్న్డ్ బెర్గ్‌మన్ ముందుండి నడిపించింది, 2020లో 5.6 వెర్షన్ నాటికి సిస్టమ్ కాల్స్ వరకు ఒక కొలిక్కి వచ్చింది. దాన్ని ఒక కొత్త అయాక్టల్‌తో (ప్రోగ్రాములు డ్రైవర్‌తో మాట్లాడే కాల్‌తో) మనం పాడుచేయకూడదు.

డిస్క్ మూడోది. డిస్క్ మీద రాసేది రియల్‌టైమ్ క్షణం మాత్రమే. మోనోటోనిక్ క్షణానికి రీబూట్ తర్వాత అర్థమే లేదు, కాబట్టి ఆ టైప్‌కి డిస్క్ మీద రాసే ఫంక్షన్ ఇవ్వకండి. ఫార్మాట్ ఎంపిక మీ చేతిలో ఉంటే దూరం చూడండి. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ పెద్ద ఐనోడ్‌లలో (ఫైలు వివరాలు దాచే రికార్డుల్లో) అదనంగా 2 బిట్లు పెట్టుకుని 2446 దాకా లాగింది. ఇంకో ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్, బిగ్‌టైమ్ అనే ఫీచర్‌తో 2486 దాకా వెళ్లింది. ఈఎక్స్‌టీ4లోని పాత 128 బైట్ల ఐనోడ్‌లకు మాత్రం 2038 దగ్గరే ఆగక తప్పదు.

మన దేశంలో పని చేసేవాళ్లు తరచూ అడిగేది కూడా ఇక్కడే చెబుతాను. అయిదున్నర గంటలు ఎక్కడ కలపాలి? కెర్నెల్ టైపుల్లో ఎక్కడా కలపకూడదు. కెర్నెల్ దగ్గర ఉండేది యూటీసీ. ఐఎస్‌టీ అనేది చూపించేవాళ్ల పని. మదర్‌బోర్డు మీది ఆర్‌టీసీలో (బ్యాటరీతో నడిచే గడియారంలో) స్థానిక సమయం పెట్టిన మెషీన్లు ఉంటాయి, ముఖ్యంగా పక్కనే విండోస్ ఉంటే. ఆ సర్దుబాటు బూట్ దగ్గర ఒకసారి జరిగిపోవాలి. మీ డ్రైవర్‌లో 19,800 అనే సంఖ్య కనిపిస్తే, అది 5:30ని సెకన్లలో రాసిందే. దాన్ని తీసేయండి.

ఏడో మెట్టు: నిద్ర ఫంక్షన్‌కి హద్దులు

నిద్రపోయే ఫంక్షన్ డెల్టాని మాత్రమే తీసుకోవాలి. లినక్స్ రస్ట్ వైపు ఎఫ్‌స్లీప్ అలాగే ఉంది. అది ఒప్పుకునేది సున్నా నుంచి 31 బిట్ల మైక్రోసెకన్ల దాకా, అంటే దాదాపు 35 నిమిషాల 47 సెకన్లు. మైనస్ వ్యవధి గానీ, హద్దు దాటింది గానీ ఇస్తే అది పిలిచినవాడి బగ్. అప్పుడు కనీసం గరిష్ఠ సమయం నిద్రపోతుంది. మొదట చదివినప్పుడు నాకు వింతగా అనిపించింది, మైనస్ అయితే వెంటనే లేవాలి కదా అని. ఆలోచిస్తే ఇదే సరైనది. తక్కువసేపు ఆగితే సిద్ధంగా లేని హార్డ్‌వేర్‌ని ముట్టుకుంటాం, తప్పు ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట తేలుతుంది. 35 నిమిషాలు ఆగిపోతే మొదటి టెస్ట్‌లోనే డెవలపర్‌కి తెలిసిపోతుంది.

స్పిన్‌లాక్ (మిగతావాళ్లు నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని ఉన్నప్పుడు నిద్రపోకూడదన్న సంగతిని డెల్టా టైప్ పట్టుకోలేదు. దానికి బిజీగా తిరిగే డిలే ఫంక్షన్‌ని వేరే పేరుతో ఉంచి, చాలా తక్కువ హద్దు పెట్టండి.

ఎనిమిదో మెట్టు: గడియారాన్ని కదిపి చూడండి

లినక్స్ జిఫీల కౌంటర్‌ని సున్నా నుంచి మొదలుపెట్టదు. తిరగబడడానికి సరిగ్గా 5 నిమిషాల ముందున్న విలువతో మొదలుపెడుతుంది. 49 రోజుల తర్వాత బయటపడాల్సిన బగ్ బూట్ అయిన 5 నిమిషాలకే బయటపడాలని. ఇంతకంటే తెలివైన టెస్ట్ నేను చూడలేదు. మీ టిక్ టైప్‌కి కూడా అదే చేయండి. హార్డ్‌వేర్ కౌంటర్‌ని సున్నా చేసే వీలుంటే, సున్నా బదులు గరిష్ఠానికి కాస్త ముందున్న విలువ రాయండి.

తర్వాత కెర్నెల్‌ని సెకనుకు 100, 250, 1000 టిక్కులతో మూడుసార్లు బిల్డ్ చేసి, ఒకే టెస్ట్ నడపండి. డ్రైవర్ పని చేస్తుండగా తేదీని ఒక గంట వెనక్కి, ఒక రోజు ముందుకి మార్చండి. ఆర్‌టీసీవేక్ అనే కమాండ్‌తో రెండు నిమిషాలు సస్పెండ్ చేసి లేపండి. 32 బిట్ల ఆర్మ్‌కి కనీసం బిల్డ్ అయినా చేయండి. కంపైల్ కాకూడని కోడ్‌కి కూడా టెస్టులు రాయండి: ఇన్‌స్టంట్‌కి ఇన్‌స్టంట్ కలిపేది ఒకటి, మోనోటోనిక్‌లోంచి బూట్‌టైమ్ తీసేది ఒకటి. ఎవరైనా సదుద్దేశంతో ఒక ఆపరేటర్ చేర్చిన రోజున ఆ టెస్టులు కంపైల్ అయిపోయి, విషయం బయటపెడతాయి.

పాత డ్రైవర్‌ని మార్చేటప్పుడు ఒకేసారి అంతా తిరగరాయకండి. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి, ఎర్ర సిరా చుట్టిన వేరియబుల్స్‌తో మొదలుపెట్టండి. ఒక ప్యాచ్‌లో ఒక వేరియబుల్, దాని టైప్ మార్చి బిల్డ్ చేయండి. కంపైలర్ ఆపిన ప్రతి చోటా ఆగి, అక్కడ ఉద్దేశం ఏమిటో కనుక్కుని, దాన్ని కమిట్ మెసేజ్‌లో ఒక్క వాక్యంగా రాయండి. రివ్యూ చేసేవాళ్లు కోడ్ కంటే ముందు చదివేది ఆ వాక్యాన్నే.